చెవికి పరీక్ష లేని చదువు

మార్చి నెలలో పదవతరగతి పరీక్షలు సమీపించిన దినములలో వేకువజామున నల్లకుంట సందులలో నడచువారికి ఒక ధ్వని తప్పక వినవచ్చును. ఈ వరండాలో ఒక బాలుడు, ఆ మేడమెట్లపై ఒక బాలిక, ఇంగ్లీషు గైడు చేతబట్టి, ప్రశ్నవెంట ప్రశ్న, జవాబువెంట జవాబు, ఊగుచు వల్లెవేయుచుందురు. పూర్వము వేదమునుగూడ ఇట్లే వల్లించిరని కొందఱు దీనిని సమర్థింతురు. పోలిక సరికాదు. వేదము నేర్చువాడు మొదట గురుముఖమున వినెను. స్వరము తప్పినచో గురువు విని దిద్దెను. మన బాలకుని ఇంగ్లీషు గురుముఖమున పుట్టినది కాదు, గైడు ముద్రించిన అచ్చుకూటమున పుట్టినది. వాడు దానిని ఎవరినుండియు వినలేదు. వాడు చెప్పునది వినువాడును లేడు.

మాకు తెలిసిన యొక కుటుంబమున తండ్రి విద్యానగరమువైపు టిఫిను బండి నడుపుకొనుచు పిల్లను చదివించెను. ఆ బాలిక పదవతరగతిలో ఇంగ్లీషున మొదటి గ్రేడు తెచ్చుకొని, ఇంటర్మీడియేటునకు ఒక కళాశాలలో చేరినది. చేరిన మూడవ వారమున మా యింటికి వచ్చి, "బాబాయిగారూ, పుస్తకంలో ఉంటే ఏదో తెలుస్తుంది, సారు చెబుతుంటే ఒక్క ముక్క అందటం లేదు, నా చెవులకు ఏమన్నా అయిందేమో డాక్టరుకు చూపిద్దామా?" అని అడిగెను. చెవులకేమియు కాలేదు. మేము ఆనాటి ఇంగ్లీషు పత్రికనుండి ఒక చిన్న వార్తను చేతికిచ్చి రెండు ప్రశ్నలు వేసితిమి. తడుముకొనకుండ రెంటికిని సరియైన వాక్యము చూపినది. ఆ వార్తలో ఏమున్నదో తెలుగున చెప్పుమంటిమి. తల వంచుకొని ఊరకుండెను. అనగా చెవి మాత్రమే గాదు, కన్నును చదువలేదన్నమాట. ఆమె తండ్రి మాత్రము, "ఇంత మంచి గ్రేడు వచ్చిన పిల్లకు అర్థం కాకపోవడమేమిటి? శ్రద్ధ లేదు" అని నిశ్చయించుకొనెను. ప్రభుత్వము ముద్రవేసి యిచ్చిన పత్రమే ఆ పిల్లపై కూటసాక్ష్యము పలికినది. దసరా సెలవులకు ముందే ఆమె ఆ చదువు మానెను.

ఈ తప్పు ఎవరిదని విచారింపవలసియున్నది. ఉపాధ్యాయునిదందుమా? అతడు పరీక్షకు దాసుడు. పరీక్షలో ఏది అడుగుదురో అదియే తరగతిలో చెప్పును; అట్లు చెప్పనివానిని తల్లిదండ్రులే నిందింతురు. కావున పరీక్షనే పట్టి చూడవలెను.

2014-15 విద్యాసంవత్సరమునుండి మన పదవతరగతికి నిరంతర సమగ్ర మూల్యాంకనమను పద్ధతి వచ్చినది. 80 మార్కులు వ్రాతపరీక్షకు, 20 మార్కులు పాఠశాలలోనే వేయుటకు ఏర్పఱచిరి. ఆ 20 మార్కులును పుస్తకము చదివి అభిప్రాయము వ్రాయుట, వ్రాతపని, ప్రాజెక్టు, చిన్న పరీక్ష అను నాలుగింటికి పంచిరి. వినుటకు ప్రత్యేకముగ ఏ భాగమును లేదు. పాఠ్యపుస్తకములో వినికిడి అభ్యాసములు ముద్రించిరి గాని, మార్కు లేని అభ్యాసము మన పాఠశాలలలో పండుగనాటి తోరణమువంటిది. ఈ 20 మార్కులనుగూడ తీసివేయుదుమని 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వము ప్రకటించి, విద్యాసంవత్సరము నడుమ నిది తగదను ఆక్షేపణ రాగా మరునాడే అమలును మఱుసటి యేటికి వాయిదా వేసినది. ఆ రెండు దినములును పత్రికలలో మార్కుల లెక్కలే కనబడినవి. పిల్లలు వినగలరా యను ప్రశ్న మాకెచ్చటను కనబడలేదు.

పాతకాలపు బడి అన్నిట మంచిదని మేము చెప్పము. అయినను అందు ఉక్తలేఖనమను నొక మంచి పని యుండెను. పంతులు చదువును, పిల్లవాడు విని వ్రాయును. విన్నది తెలియనిదే వ్రాత కుదరదు. అది సంపూర్ణమైన పరీక్ష కాకపోయినను చెవికి పని కల్పించెడిది. సంస్కరణ పేరిట దానిని మూలబెట్టి, దాని స్థానమున మఱేమియు పెట్టకుండుట మన ప్రత్యేకత.

ఇక చదువుట. "చదువుటకు పరీక్ష యున్నదిగదా, గద్యభాగమిచ్చి ప్రశ్నలడుగుచునే యున్నారు" అని కొందఱందురు. ఆ ప్రశ్నల స్వభావమెట్టిదో చదువరులే పరీక్షించుకొనవచ్చును. ఈ వాక్యము చూడుడు: "లబుకుడు గోడింటిలో జింపెను మడపెను." ఈ మాటలకు అర్థము లేదు, మేమిప్పుడు కల్పించినవి. ఇప్పుడు ప్రశ్నలు: జింపెను ఎవరు మడపెను? ఎచ్చట మడపెను? దేనిని మడపెను? మూడు ప్రశ్నలకును మూడవతరగతి పిల్లవాడైనను తప్పులేకుండ జవాబు చెప్పును, మూడు మార్కులును తెచ్చుకొనును. వానికి తెలిసినది ఏమి? ఏమియు లేదు. ప్రశ్నలోని మాటలు గద్యములో ఎచ్చటనున్నవో వెదకి, ఆ ప్రక్కమాటను ఎత్తివ్రాయుట చదువు కాదు; అది పోయిన తాళపుచెవిని వెదకుటవంటి పని. మన ప్రశ్నపత్రములలో పెక్కు ప్రశ్నలీ జాతివే. పాఠ్యపుస్తకములోని గద్యమే మరల ఇచ్చినచో ఆ వెదకుటయు అక్కఱలేదు. గైడు ముందే వెదకిపెట్టియుండును.

మంచి ప్రశ్నను గుర్తించుటకు ఒక సులభోపాయము కలదు. గద్యమును దాచి, ప్రశ్నలును నాలుగేసి జవాబులును మాత్రమే పదిమంది పిల్లలకీయవలెను. గద్యము చూడకయే సరియైన జవాబు పట్టగలిగినచో ఆ ప్రశ్నను చింపివేయవలెను. వినికిడి ప్రశ్నకును ఇదియే ఒరపిడి. ఈ మాత్రపు శ్రమ పడని ప్రశ్నపత్రమునకు లక్షలకొలది పిల్లల భవిష్యత్తును అప్పగించుచున్నాము.

ఈ విద్య తెలిసినవారు దూరదేశమున నున్నారా యనిన, లేదు. మా నల్లకుంటనుండి విద్యానగరము దాటి ఉస్మానియా ప్రాంగణమున ప్రవేశించి తార్నాకవైపు సాగినచో ఆంగ్ల విదేశీభాషా విశ్వవిద్యాలయము కనబడును. మనదేశమున ఇంగ్లీషు బోధన బాగుపడవలెనను ఉద్దేశముతో 1958లో కేంద్ర ఆంగ్లసంస్థగా అది వెలసెను. 1972లో విదేశీభాషలును చేరినవి. 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమైనది. భాషాపరీక్షల నిర్మాణమును శాస్త్రముగా బోధించు శాఖ అందు కలదు. దేశదేశముల ఉపాధ్యాయులు అచ్చటికి వచ్చి నేర్చుకొని పోవుచుందురు. దానికి దగ్గఱనే యున్న మా సందులోని పిల్లవాడు గైడు వల్లించుచునే యున్నాడు. దీపము క్రింద చీకటి యను సామెతకు ఇంతకంటె ఉదాహరణము వలదు. దోషము దీపముదని మేమనము; పరీక్షలు నడపు ప్రభుత్వములు ఆ దీపమును తమ గదిలోనికి తెచ్చుకొనలేదు.

తెచ్చుకొనకపోగా, ఒక ప్రభుత్వము సముద్రములు దాటి పోయినది. 2023 జూనులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము అమెరికాలోని ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీసు అను సంస్థతో ఒప్పందము చేసికొని, ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు టోఫెల్ పరీక్షలను ప్రవేశపెట్టెను. చిన్నవారికి టోఫెల్ ప్రైమరీ, పెద్దతరగతులవారికి టోఫెల్ జూనియరు. ఈ రెండవదానిలో వినుట, భాషాస్వరూపము, చదువుట అని మూడు భాగములు. ఒక్కొక్కదానికి 42 ప్రశ్నలు. మొత్తము రెండు గంటలకు అయిదు నిమిషములు తక్కువ. మేము పక్షపాతము లేకుండ చెప్పుచున్నాము: ప్రభుత్వ పాఠశాలలోని బీదపిల్లవాని చెవికిని ఒక పరీక్ష యుండవలెనని తలచుట గొప్ప తలంపు. దానిని పరిహసించినవారిలో పలువురి పిల్లలు అట్టి పరీక్షలకే వేలు చెల్లించి శిక్షణ పొందుచున్నారు.

కాని తలంపు మంచిదైనంత మాత్రమున పని మంచిదగునా? ఏడేండ్లు తరగతిలో ఇంగ్లీషు వాక్యము విననివానికి మొదట పరీక్ష పెట్టి తరువాత పాఠము చెప్పుట, బావి త్రవ్వకముందే చేద కొలతవేయుటవంటిది. పరాయిదేశపు పాఠశాల వాతావరణమున పుట్టిన సంభాషణలను పరాయి యాసలో విని మన పల్లెపిల్లవాడు తప్పు జవాబిచ్చినచో, వానికి ఇంగ్లీషు రాలేదా, ఆ లోకము తెలియదా? ఆ పరీక్ష చెప్పజాలదు. అన్నిటికంటె పెద్దలోపము, అది అరువుసొమ్ము. 2024లో ప్రభుత్వము మారినది, పథకము నిలిచినది; నిలిచిన తరువాత మనచేతిలో మిగిలినదేమి? ప్రశ్నలు వారివి, ధ్వనిముద్రణలు వారివి, కొలమానము వారిది. మన ఉపాధ్యాయులే ప్రశ్నలు వ్రాసి, మన గొంతులే ముద్రించి, మన పిల్లలపైనే పరీక్షించి చూచుకొన్న ప్రశ్నల కోశము నూఱు పుటలదైనను ఉండియున్నచో, ఏ ప్రభుత్వము మారినను అది మనదిగా నిలిచియుండెడిది.

"లక్షలమందికి వినికిడి పరీక్ష పెట్టుట సాధ్యమా?" అని అధికారులందురు. తెలంగాణమున ఏటేట పదవతరగతి పరీక్షకు కూర్చుండువారు సుమారు 5 లక్షలు. జపానుదేశము 2006 జనవరిలో తన విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షలో ఇంగ్లీషు వినికిడిని చేర్చినపుడు పరీక్షార్థుల సంఖ్య ఇంచుమించు అంతియే. ప్రతివానికిని చెవిలో పెట్టుకొను చిన్న యంత్రమునిచ్చిరి. 2021లో వచ్చిన క్రొత్త పరీక్షలో చదువుటకు 100, వినుటకు 100 చొప్పున సమానముగా మార్కులు పెట్టిరి. దక్షిణ కొరియాలో ప్రవేశపరీక్ష వినికిడి భాగము జరుగు అరగంటసేపు ఆకాశమున విమానములు దిగకుండ, ఎగురకుండ ఆపుదురు. మేము విమానములను ఆపుమని కోరుట లేదు. విద్యానగర్ స్టేషనుమీదుగా పోవు ఎం.ఎం.టి.ఎస్. రైలు కూతవేసినచో, రికార్డును రెండవమాఱు వినిపింపుడని మాత్రమే కోరుచున్నాము. ప్రతి పాఠశాలలో ఒక స్పీకరు పెట్టె చాలును. వార్షికోత్సవమునాడు సినిమాపాటలకు ఆ పెట్టె ఎట్లును దొరకుచునే యున్నది.

మఱియొక ఆక్షేపణ యున్నది. దానిని తేలికగా త్రోసివేయలేము. వినికిడి పరీక్ష పెట్టినచో, ఇంట ఇంగ్లీషు వినబడు ధనికుల పిల్లలు గెలుతురు, టిఫినుబండివాని పిల్ల ఓడును అని. నిజమే, మొదటి రెండేండ్లు అట్లే జరుగవచ్చును. అందుచేత ఆ రెండేండ్లును వినికిడిలో తప్పినవానిని పరీక్ష తప్పినట్లు లెక్కింపరాదు. పత్రములో వేఱుగ చూపవలెను. చెవుడుగల పిల్లలకు ఎప్పటికిని మినహాయింపు ఉండవలెను. కాని పరీక్ష లేకపోవుటచే ఆ పిల్ల గెలిచినదా? 2022-23 నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలన్నిట ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశించినది. ఇక భౌతికశాస్త్రమును, గణితమును, చరిత్రను ఆమె ఇంగ్లీషున వినవలెను. ధనికుని పిల్లకు చెవి ఇంటిలోనే తెఱచుకొనును. ఈమెకు బడి యొక్కటియే గతి. బడికి ఆ భారము లేదని చెప్పుట ఆమెకు చేయు దయ కాదు. ఇంగ్లీషున వినలేకపోవుట పూర్వమొక సబ్జెక్టులో లోటు. నేడు అన్ని సబ్జెక్టులలోను లోటు.

ఏ ఇంగ్లీషు వినిపింపవలెనని అడిగినచో, మొదట మన ఇంగ్లీషే. వరంగల్లు ఉపాధ్యాయిని పలికినది, రైల్వే ప్రకటన, బ్యాంకు ఉద్యోగి మాట, వైద్యుడు మందు వాడుమని చెప్పు నాలుగు వాక్యములు. పిమ్మట బెంగాలీ గొంతు, మలయాళపు గొంతు; ఆ పిమ్మట లండను, అమెరికా. పిల్ల రేపు ఎదుర్కొనబోవు గొంతులు ఈ వరుసనే వచ్చును.

తెలుగు మరుగునపడునని భయపడువారికి మేము గిడుగు రామమూర్తి పంతులుగారిని జ్ఞాపకము చేయుదుము. గ్రాంథికమున వ్రాయుచున్న మేము ఆయనను స్మరించుట కొందఱకు నవ్వు పుట్టింపవచ్చును, పుట్టించినను మంచిదే. లిపిలేని సవరభాషను ఆయన ఏ గైడు చూచి నేర్చెను? సవరలను దగ్గఱ నుంచుకొని, వారి నోట విని, మరల పలికి, వారిచే దిద్దించుకొని నేర్చెను. అట్లు విన్న చెవినుండియే 1931లో సవర వ్యాకరణము, 1938లో నిఘంటువు వెలువడినవి. భాష చెవినుండి పుట్టునని పర్లాకిమిడిలో నిరూపించిన జాతి మనది. ఘంటానాదములను లెక్కించుచునే సమస్య పూరించు అవధానిని చూచి చప్పట్లు కొట్టు జాతియు మనదియే. తెలుగు ప్రశ్నపత్రములో మాత్రము విని చెప్పవలసిన ప్రశ్న ఒక్కటైన ఉన్నదా? ఇంగ్లీషుతోపాటు తెలుగునకును వినికిడి పరీక్ష పెట్టినచో మేము రెండు చేతుల స్వాగతింతుము.

మార్కుల లెక్క అధికారులే తేల్చుకొనవచ్చును. మేము కోరునది స్వల్పము. వ్రాతపరీక్షలో పది మార్కులైనను హాలులోనే వినిపించు ప్రశ్నలకు కేటాయింపవలెను. పాఠశాలకు వదలివేసినచో విననివానికిని పూర్తి మార్కులు పడుట అందఱెఱిగినదే. గద్యభాగములలో పాఠ్యపుస్తకమునుండి తీసినది ఉండరాదు. ప్రశ్నలలో సగమైనను గద్యములోని మాటలు మరల వాడనివై యుండవలెను. ప్రశ్నలు వ్రాయు ఉపాధ్యాయులను వేసవిలో ఒక నెల తార్నాకకు పంపవలెను. బస్సుచార్జీకి మించి ఖర్చు కాదు.

ఇంతలో గృహస్థులు చేయదగినది కొంత కలదు. ఈ నెల పాఠశాలలో జరుగు తల్లిదండ్రుల సమావేశమునకు పోవునపుడు, మా పిల్లకు ఎన్ని మార్కులు వచ్చినవని అడుగుటకు ముందు, ఈ నెలలో మా పిల్ల తరగతిలో ఎన్ని నిమిషములు ఇంగ్లీషు వినెను, గైడు లేకుండ ఎన్ని పుటలు తానై చదివెను, అని రెండు ప్రశ్నలు వేయుడు. జవాబు ఏమి వచ్చినదో మాకు వ్రాయుడు. వచ్చే సంచికలలో ప్రకటింతుము.