ఏప్రిల్ పచ్చికకు గేటు తీయకండి

మార్చి ఆఖరి వారం వచ్చిందంటే ఇంగ్లండ్‌లో గుర్రాలు పెంచేవాళ్ల నోట ఒకటే మాట: "ఇక బయటికి వదిలేద్దాం." చలికాలమంతా కొట్టంలో ఎండుగడ్డి నమిలి విసిగిపోయిన గుర్రాలు. తెల్లవారుజామునే లేచి లద్దె ఎత్తీ ఎత్తీ నడుం పట్టేసిన మనుషులు. గడ్డిమోపుల ఖర్చు తడిసి మోపెడై ఉంటుంది. వాన తెరిపిచ్చి పొలం పచ్చబడగానే గేటు బార్లా తీసి, గుర్రాన్ని రాత్రింబవళ్లు మేతకు వదిలేయడమే దానికి చేయగల మేలని అందరూ నమ్ముతారు. గుర్రం గడ్డి మేసే జంతువు, దాన్ని సహజంగా బతకనివ్వండి అంటారు. ఈ నమ్మకం తప్పు. ఏటా ఎన్నో గుర్రాలను కుంటివాటిని చేస్తున్న, కొన్నింటి ప్రాణాలే తీస్తున్న తప్పు.

మేముండే ష్రాప్‌షైర్ వేల్స్ సరిహద్దులో ఉంది. మా అమ్మాయి కోసం ఒక వెల్ష్ పోనీని తీసుకుని, దగ్గర్లోని ఒక లివరీ యార్డులో నెలకింత అని కట్టి ఉంచాం. పేరు బిస్కట్. నాలుగడుగుల ఎత్తు, పద్నాలుగేళ్ల వయసు, గుండ్రటి పొట్ట, బలిసిన మెడ. ఆ బలిసిన మెడ చూసి అందరూ ముద్దు చేసేవాళ్లు, మేమూ మురిసిపోయాం. అది ప్రమాద సూచన అని మాకెవరూ చెప్పలేదు. ఏప్రిల్ 1 నుంచి గుర్రాలన్నీ ఇరవైనాలుగు గంటలూ బయటే ఉండాలన్నది ఆ యార్డు నియమం. ఒక్కసారిగా ఎందుకని అడిగితే, "పోనీలు కొండల్లో పుట్టినవి, గడ్డి వాటినేం చేస్తుంది?" అన్నారు.

పన్నెండో రోజు పొద్దున మేం వెళ్లేసరికి బిస్కట్ గేటు దగ్గరికి రాలేదు. పొలం మధ్యలో ముందుకాళ్లు రెండూ చాపి, బరువంతా వెనక్కి వేసి, కాలే పెనం మీద నిలబడ్డట్టు నిలబడి ఉంది. ఒక కాలు ఎత్తి, దించి, రెండోది ఎత్తుతోంది. గిట్ట మీద చెయ్యి వేస్తే వేడి. గిట్టకు పైనున్న కీలు వెనక వేలు పెడితే నాడి కొట్టుకోవడం చేతికి తన్నినట్టు తెలుస్తోంది. మా అమ్మాయి మెడ పట్టుకుని పిలిస్తే ఒక్క అడుగు వేసింది. ఆ అడుగుకు అది మూలిగిన మూలుగు నేను ఇప్పటికీ మరచిపోలేదు.

ఆ జబ్బు పేరు లామినైటిస్. గుర్రం గిట్ట పైకి ఒక్క ముద్దలా కనిపిస్తుంది గానీ, లోపల ఒక ఎముక ఉంటుంది. పుట్టగొడుగు అడుగున ఉండే రేకుల్లాంటి సన్నటి మడతలు, ఒక్కో గిట్టలో సుమారు 600, ఆ ఎముకను గిట్ట గోడకు పట్టి ఉంచుతాయి. అంత పెద్ద జంతువు బరువూ ఆ రేకుల పట్టు మీదే వేలాడుతుంది. ఆ రేకులు దెబ్బతిని పట్టు సడలితే ఎముక గోడ నుంచి విడిపోతుంది, కిందికి తిరుగుతుంది, ముదిరితే అరికాలిని చీల్చుకుని బయటికి వస్తుంది. అక్కడిదాకా వచ్చిన గుర్రాన్ని చాలాసార్లు నొప్పి లేకుండా చంపడమొక్కటే మిగిలిన దయ అవుతుంది.

గడ్డికీ గిట్టకూ సంబంధమేమిటి? నడుమ ఉన్నది చక్కెర, ఇన్సులిన్. ఆస్ట్రేలియా పరిశోధకులు 2007లో ప్రచురించిన ప్రయోగంలో, ఆరోగ్యంగా ఉన్న పోనీల రక్తంలో గ్లూకోజు మామూలుగానే ఉంచి ఇన్సులిన్‌ను మాత్రం ఎక్కువ స్థాయిలో నిలిపారు. మూడు రోజులు తిరక్కుండానే ఇన్సులిన్ ఇచ్చిన ప్రతి పోనీకీ లామినైటిస్ వచ్చింది. పచ్చిక మేసి వచ్చే లామినైటిస్‌లో ఎక్కువ భాగం ఈ దారిలోనే వస్తుందని పశువైద్యులు ఇప్పుడు ఒప్పుకుంటున్న మాట. షుగరు జబ్బు ఇంటింటా ఉన్న మన తెలుగువాళ్లకు ఇన్సులిన్ గురించి వేరే చెప్పనక్కర్లేదు. బలిసిన మెడ ఉన్న పోనీ ఒంట్లో అది ముందే అదుపు తప్పి ఉంటుంది. ముసలి గుర్రాలకు వచ్చే కుషింగ్స్ జబ్బు ఉంటే మరీ ప్రమాదం.

ఇక ఆ "సహజం" అన్న మాట సంగతి చూద్దాం. ఇంగ్లండ్ పొలాల్లో తివాచీలా పరుచుకున్న రైగ్రాస్ చాలాచోట్ల దానంతట అది మొలిచింది కాదు. మనుషులు ఎంచి, విత్తి, ఎరువేసి పెంచింది. వేల్స్‌లోని ఆబరిస్ట్‌విత్‌లో 1919లోనే జార్జ్ స్టేపుల్డన్ నాయకత్వంలో పచ్చిక రకాలను మెరుగుపరిచే కేంద్రం పెట్టారు. తర్వాత అక్కడి శాస్త్రవేత్తలే చక్కెర ఎక్కువగా ఉండే రైగ్రాస్ రకాలు కూడా తయారుచేశారు. ఎందుకు? పాడి ఆవు పొట్టలోని సూక్ష్మజీవులకు శక్తి దొరికి, మేతలోని మాంసకృత్తులు వృథా కాకుండా పాలుగా మారాలని. ఆవుకు అది మంచి మేతే. కానీ రాళ్ల గుట్టల మీద ముతక గడ్డి కొరుక్కుని బతకడానికి అలవాటుపడిన పోనీని తెచ్చి, పాల దిగుబడికి పెంచిన గడ్డిలో వదిలి, దాన్ని ప్రకృతి అనడం ఏం న్యాయం?

కొండల్లో పోనీ బతుకులో ఇంకో సగం ఉంది. దాన్ని ఈ సహజవాదులు తలవరు. అక్కడ చలికాలంలో తిండి దొరకదు. పోనీ ఎముకలు తేలి, ఒంట్లో కొవ్వంతా కరిగించుకుని, డొక్కలు ఎండిన ఒంటితో వసంతంలో అడుగుపెడుతుంది. మనమేమో దానికి చలికాలమంతా మందపాటి రగ్గు కప్పుతాం, బకెట్లో దాణా పెడతాం, కరగాల్సిన కొవ్వును కరగనివ్వం. సహజమైన చలికాలం లేకుండా సహజమైన వసంతం మాత్రం కావాలంటే కుదరదు.

ఏప్రిల్ గడ్డికి ఇంకో గుణం ఉంది. ఎండ తగిలితే గడ్డి చక్కెర తయారుచేసుకుంటుంది, రాత్రి దాన్ని వాడుకుని పెరుగుతుంది. అందుకే మామూలు రోజుల్లో తెల్లవారుజామున గడ్డిలో చక్కెర తక్కువ, సాయంత్రానికి ఎక్కువ. రాత్రి చలి 5 డిగ్రీల కిందికి దిగితే పెరుగుదల దాదాపు ఆగిపోతుంది, తయారైన చక్కెర ఖర్చు కాదు. దాన్ని చలిదేశపు గడ్డి ఫ్రక్టాన్ రూపంలో కాడ మొదట్లో దాచుకుంటుంది. పగలు తళతళలాడే ఎండ, రాత్రి మంచు: ఇక్కడి ఏప్రిల్ అంటే అదే. మనుషులకు ప్రాణం లేచొచ్చే ఆ ఎండపొద్దులే పోనీకి అన్నిటికంటే చెడ్డవి. మన చేలగట్ల మీది గరిక ఇలా ఫ్రక్టాన్ దాచుకోదు. అందుకే మన ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు ఈ పచ్చదనాన్ని అనుమానించాలని తోచదు. నాకూ తోచలేదు.

"మా పొలంలో గడ్డెక్కడుంది, కొరికేసి పొట్టిగా ఉంది కదా" అనేవాళ్లు ఉన్నారు. చక్కెర దాగేది ఆ మొదట్లోనే. "మూడు గంటలే వదులుతున్నాం" అనేవాళ్లూ ఉన్నారు. కాసేపే వదులుతారని తెలిసిన పోనీ ఆ మూడు గంటల్లోనే ఆబగా రోజు మేతలో సగం దాకా మేయగలదని కొలిచి చూసినవాళ్లు చెప్పారు. పైగా వానలకు నానిన నేల మీద ఇన్ని గుర్రాలు ఒకేసారి తొక్కితే పచ్చిక వేళ్లతో సహా లేచిపోతుంది. జూన్‌లో మేయాల్సిన గడ్డిని ఏప్రిల్‌లోనే బురద చేసుకుంటున్నాం.

బిస్కట్ కాళ్లకు కట్లు కట్టి మెత్తటి రంపపు పొట్టు మీద నిలబెట్టిన రాత్రి మా బాపుకు ఫోన్ చేశాను. పాలమూరులో ఆయన నలభై ఏళ్లు గొర్లు కాశాడు. చెప్పిందంతా విని ఒకటే అడిగాడు. "ఎండుగడ్డి మీదున్న జీవాన్ని ఒక్కపారే లేతగడ్డి మీదికి తోల్తరా బిడ్డా? వాళ్లకు చిటుక రోగం తెల్వదా?"

గొర్ల చిటుక రోగం వేరు, గుర్రాల లామినైటిస్ వేరు. మొదటిది పేగుల్లో సూక్ష్మజీవుల విషం వల్ల వస్తుంది. కానీ తొలకరికి మొలిచిన లేత పచ్చికను అలవాటు లేని కడుపు విరగబడి మేస్తే ముప్పు అన్న సంగతి మా బాపుకు ఏ పుస్తకమూ చెప్పలేదు. మృగశిర కార్తె రాకముందే మందకు టీకా వేయిస్తాడు. మొదటి రోజుల్లో ఇంత ఎండుమేత పెట్టి, పొద్దెక్కాక కొంచెంసేపు మేపి, మళ్లించుకొస్తాడు. వానకు కొత్తగా లేచిన జొన్న పిలకలు మేస్తే పశువుకు నాము తగులుతుందని మన రైతు పసుల పిల్లలకు కూడా చెప్పి పంపుతాడు. పచ్చగా ఉన్నదల్లా మేత అని మన పల్లెల్లో ఎవరూ అనుకోరు. గుర్రాల మీద వందల ఏళ్ల అనుభవం ఉన్న ఈ దేశంలో ఆ జాగ్రత్త ఎందుకు సడలిపోయిందో నాకు అర్థం కాదు.

గుర్రాన్ని కొట్టంలో బంధించమని నేను అనడం లేదు. ఎదుటివాళ్ల మాటలో నిజముంది. రోజంతా నాలుగు గోడల మధ్య నిలబెడితే గుర్రానికి కడుపులో పుండ్లు పడతాయి, దుమ్ముకు ఊపిరితిత్తులు పాడవుతాయి, పిచ్చెత్తి గడపలు కొరుకుతుంది. తిరగాలి, తోటి గుర్రాలతో ఉండాలి. ఆరోగ్యంగా, సన్నగా, రోజూ పనిచేసే గుర్రం జాగ్రత్తగా అలవాటు చేస్తే వసంతమంతా బయట హాయిగా ఉంటుంది. నా తగాదా ఆ తొందరతోటి, క్యాలెండర్‌లో తేదీ చూసి అన్ని గుర్రాలకూ ఒకే గేటు తీసే పద్ధతితోటి.

గుర్రం పెద్దపేగులో గడ్డిని అరిగించే సూక్ష్మజీవులు కొత్త మేతకు అలవాటు పడడానికి రెండు మూడు వారాలు కావాలి. మొదటి రోజు పావుగంట, అరగంట చాలు. ముందు కడుపునిండా ఎండుగడ్డి పెట్టి, మంచు పడని రోజు పెందలాడే వదిలి, ఎండ ముదిరేలోపు తీసుకురావాలి. కొంచెం కొంచెంగా పెంచాలి. గడ్డి జానెడు ఎదిగాకే మేపాలి. బలిసిన పోనీలకు గడ్డి లేని ఆవరణలో తోడు గుర్రాలతో తిరిగే చోటివ్వాలి, నానబెట్టి చక్కెర తగ్గించిన ఎండుగడ్డి పెట్టాలి. పచ్చికలోకి వదలక తప్పదంటే మూతికి చిక్కం కట్టాలి. నూర్చేటప్పుడు మన ఎడ్లకు కట్టే చిక్కం లాంటిదే, అడుగున ఒక చిన్న రంధ్రం ఉంటుంది, నీళ్లు తాగొచ్చు, కొనలు కొరకొచ్చు. దానితో పోనీ తినేది దాదాపు 80 శాతం తగ్గుతుంది. చిక్కం కట్టడం క్రూరమని మా యార్డులో ఒకావిడ నా మీద కోప్పడింది. బిస్కట్ ఆ పొద్దున వేసిన ఒక్క అడుగు ఆవిడ చూడలేదు.

బిస్కట్ బతికింది. తొమ్మిది నెలలు పట్టింది. మా అమ్మాయి దాని మీద మళ్లీ ఎక్కలేదు, ఎక్కకూడదని పశువైద్యుడు చెప్పాడు.

ఈ దేశాల్లో పిల్లల కోసం పోనీ తీసుకున్న తెలుగు తల్లిదండ్రులు ఇప్పుడు చాలామంది ఉన్నారు. మీకు ఒక మాట. యార్డు వాళ్లు ఏ తేదీ చెప్పినా, ముందు మీ పోనీ మెడ మీద చెయ్యి వేసి చూడండి. మెడ పైఅంచు గట్టిగా, పక్కకు వంగనంత బిరుసుగా ఉంటే దాన్ని పచ్చికలోకి వదలకండి, ఇన్సులిన్ పరీక్ష చేయించండి. ఏప్రిల్, మే నెలల్లో రోజూ గిట్ట మీద చెయ్యి వేసి వేడి చూడండి, కీలు వెనక నాడి చూడండి. తేడా కనిపిస్తే నడిపించకండి, గడ్డి మీద నుంచి వెంటనే తప్పించి, మెత్తటి పరుపు మీద నిలబెట్టి, అదే గంటలో పశువైద్యుడిని పిలవండి. రేపటిదాకా ఆగకండి.