మూడు తులాలకి ఎంత జాగా?

డెన్సిటీ ఈక్వల్స్ మాస్ బై వాల్యూమ్. నిద్రలో లేపి అడిగినా చెప్తాను. స్కూల్లో ఈ ఫార్ములా మీద బోలెడు లెక్కలు చేశాం. మాస్ ఇస్తారు, డెన్సిటీ ఇస్తారు, వాల్యూమ్ కనుక్కోవాలి. భాగించడం, యూనిట్లు రాయడం, ఆన్సర్ కింద గీత కొట్టడం, రెండు మార్కులు. ఆ వచ్చిన వాల్యూమ్ నిజంగా అంతే ఉందా అని ఒక్కసారి కూడా కొలిచి చూడలేదు. చూడమని ఎవరూ అనలేదు.

మొన్న సెలవుల్లో ఆ లెక్క నిజంగా అవసరం పడింది. నా హాస్టల్ ఫీజు కోసం అమ్మమ్మ తన గాజులు తాకట్టు పెట్టడానికి వెళ్ళింది. రెండు గట్టి గాజులు, రాళ్ళు లేవు, మూడు తులాలు, అంటే 30 గ్రాములు. షాపాయన చూసి "ఇది పద్దెనిమిది క్యారెట్లే అమ్మా" అని రేటు తగ్గించాడట. పాత బంగారం కదా, హాల్‌మార్క్ లేదు. అమ్మమ్మ గాజులు చేతికేసుకుని తిరిగొచ్చేసింది. ఆమె బాధ డబ్బుల గురించి కాదు. అవి చేయించినప్పుడు తాతయ్య కంసాలి పక్కనే కూర్చున్నాడట. "కండ్ల ముందరనే మోసం చేసిండా?" అని రెండ్రోజులు అదే మాట.

స్వచ్ఛమైన బంగారం సాంద్రత ఘన సెంటీమీటరుకి 19.3 గ్రాములు. (సాంద్రత అనే మాట నాకు ఈ వ్యాసం రాస్తుంటేనే తెలిసింది, నవ్వకండి.) వెండి, రాగి కలుస్తాయి కాబట్టి 22 క్యారెట్లకి అది సుమారు 17.8కి దిగుతుంది, 18 క్యారెట్లకి దాదాపు 15.4కి. 30ని భాగిస్తే, అమ్మమ్మ మాట నిజమైతే గాజుల ఘనపరిమాణం 1.69 ఉండాలి. షాపాయన మాట నిజమైతే 1.95. తేడా పావు మిల్లీలీటరు! మూడు తులాల బంగారం అర టీస్పూను జాగా కూడా తీసుకోదని నాకప్పుడే తెలిసింది.

0.01 గ్రాము చూపించే చిన్న డిజిటల్ కాటా మీద పెరుగు డబ్బాలో నీళ్ళు పెట్టి సున్నా చేశా. గాజులకి సన్న దారం కట్టి, పూర్తిగా మునిగేలా, అడుగుకీ గోడకీ తగలకుండా పట్టుకున్నా. గాజులు తొలగించిన నీళ్ళ బరువెంతో కాటా మీద అంత పెరుగుతుంది. గ్రాము నీళ్ళంటే మిల్లీలీటరు. చెయ్యి వణికితే అంకెలు ఎగురుతాయి, గాలి బుడగ అంటుకుంటే వాల్యూమ్ ఎక్కువొస్తుంది. "గీటురాయి మీద గీస్తే తెలుస్తది గానీ నీళ్ళల్ల ముంచితే ఏం తెలుస్తది బిడ్డా" అని అమ్మమ్మ పక్కనే. ఐదుసార్లు ముంచా. ప్రతిసారీ 1.70కీ 1.73కీ మధ్యలోనే.

దీంతో అది బంగారమేనని రుజువు కాదు. టంగ్‌స్టన్ సాంద్రత 19.25, బంగారానికి బాగా దగ్గర. కానీ తాతయ్య కాలంలో మా ఊరి కంసాలికి టంగ్‌స్టన్ ఎక్కడిది? షాపాయన చెప్పిన 18 మాత్రం లెక్కకి నిలబడలేదు.

నా కంప్లయింట్ ఇదే. ఎక్స్‌పెక్టెడ్ అవుట్‌పుట్ రాసి, ప్రోగ్రాం రన్ చెయ్యకుండా వదిలేస్తే దాన్ని టెస్టింగ్ అంటామా? స్కూల్లో చేసింది అదే. ల్యాబులు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. కావాల్సిన ఆన్సర్ నుంచి వెనక్కి లెక్కేసి రికార్డులో రీడింగులు నింపనివాళ్ళు మన క్లాసులో ఎంతమంది? నేనూ నింపా. ఫస్టియర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో ఒక్క పూట ఎవరింటి నుంచి వాళ్ళు ఇత్తడి చెంబో, తాళంచెవో, పట్టీలో తెచ్చుకోవాలి. ముందు వాల్యూమ్ లెక్కేసి పెన్నుతో రాయాలి, తర్వాత ముంచాలి. కలవకపోతే ఎందుకు కలవలేదో రాసినవాళ్ళకే మార్కులివ్వాలి.

బ్యాంకులో అప్రైజర్ గీటురాయి మీద గీసి ఇరవై రెండే అన్నాడు. ఫీజు కట్టేశాం. మొన్న అమ్మమ్మ ఫోన్ చేసి, పక్కింటామె తన గుండ్లపేరు కూడా ముంచి చూడమంటోందని చెప్పింది. గుండ్ల లోపల లక్క ఉంటుంది, ఈ లెక్క పనిచెయ్యదు అన్నా.

"అయితే లక్కకు వేరే లెక్క నేర్చుకో" అంది.