డయోడు కాంటాక్టును కాపాడుతుంది, మరి బరువుని?

కోడులో ఎక్సెప్షన్ వస్తే ఖాళీ క్యాచ్ బ్లాకు పెట్టి నోరు నొక్కేస్తాం చూడండీ, హాయిస్టు బ్రేకు కాయిల్‌కి ఓ డయోడు తగిలించి చేతులు దులుపుకోవడం కూడా నాకు అలాంటిదే అనిపిస్తుంది.

ఈ బ్రేకుని పట్టించేది స్ప్రింగు. కరెంటు ఇస్తే వదులుతుంది, పోతే పట్టేస్తుంది. అయితే డీసీ కాయిల్‌ని ఆపగానే అందులోని శక్తి వందల, ఒక్కోసారి వేల వోల్టుల సర్జ్‌గా ఎగసి కాంటాక్టుల్ని కాల్చేస్తుంది. డయోడు పెడితే సర్జ్ పోతుంది, నిజమే. కానీ కరెంటు అందులోంచే తిరుగుతూ తాపీగా తగ్గుతుంది, అంతసేపూ బ్రేకు పట్టదు. బరువు 0.2 సెకన్లు స్వేచ్ఛగా పడితే దాదాపు 20 సెంటీమీటర్లు! (మోటారు, గేర్లు కొంత ఆపుతాయనుకోండి.) కాంటాక్టు పోతే కొత్తది వేసుకోవచ్చు, కొక్కెం కింద మనిషి ఉంటేనో? రెక్టిఫయరుకి ఏసీ వైపు మాత్రమే స్విచ్ పెట్టినా ఇదే కథ, దాని డయోడులే కరెంటుకి దారి ఇస్తాయి.

అందుకే హాయిస్టులో డీసీ వైపు కూడా తెంపాలి, సర్జ్‌కి వారిస్టర్ పెట్టాలి. అది వోల్టేజీని ఓ హద్దు దాకా ఎగరనిస్తుంది కాబట్టే కరెంటు గబుక్కున తగ్గుతుంది.

అన్నట్టు, మోటారుకి వీఎఫ్‌డీ ఉంటే బ్రేకు సప్లై మోటారు టెర్మినల్స్ నుంచి లాగకండి. అక్కడ వోల్టేజీ వేగాన్ని బట్టి మారుతుంది, నెమ్మదిగా తిరిగేటప్పుడు బ్రేకు సరిగా వదలదు. దానికి వేరే లైను ఇవ్వాల్సిందే.