అరకు కాఫీకి పురుగు పరీక్ష: ముందుగా చెప్పిన రైతు నష్టపోకూడదు

అరకు కాఫీకి 2017లో పారిస్‌లో దుకాణం వెలిసింది. 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2024 జూన్‌లో ప్రధాని ‘మన్ కీ బాత్’లో ఆ పేరు ప్రస్తావించారు. ఇంత ఖ్యాతి ఉన్న పంటను 2025 ఆగస్టులో నువ్వుగింజ కంటే చిన్న పురుగు కలవరపెట్టింది. అల్లూరి సీతారామరాజు జిల్లా అరకులోయ మండలం చినలబుడు పంచాయతీ తోటల్లో కాఫీ బెర్రీ బోరర్, అంటే కాయ తొలుచు పురుగు బయటపడింది.

ఆడ పురుగు కాయ కొస దగ్గర చిన్న రంధ్రం చేసి లోపలికి వెళ్లి, గింజలోనే గుడ్లు పెడుతుంది. పిల్లలు గింజను తింటూ అక్కడే పెరుగుతాయి. కోత అయిపోయాక చెట్టుకు మిగిలిన కాయల్లో, నేల రాలిన కాయల్లో పురుగు తలదాచుకుని మరుసటి ఏడాది కొత్త కాపు మీదికి వస్తుంది. గింజ లోపలే ఉంటుంది కాబట్టి పైన కొట్టిన మందు దానికి సరిగా తగలదు.

మన దేశంలో ఈ పురుగును తొలిసారి 1990లో తమిళనాడులోని గూడలూరు ప్రాంతంలో గుర్తించారు. తర్వాత వయనాడ్, కొడగు తోటలకు పాకింది. మూడు దశాబ్దాలు దాటినా అక్కడ అది పూర్తిగా పోలేదు. రైతులు దాన్ని అదుపులో ఉంచుకుంటూ సాగు చేస్తున్నారు. అరకుకు ఇందులో పాఠం ఉంది: నాలుగు తోటల్లో ఉన్నప్పుడే పట్టుకుంటే ఖర్చు తక్కువ, కొండంతా పాకాక ఏటా ఖర్చే.

కొడగులో పెద్ద ఎస్టేట్లకు కూలీలు, మేనేజర్లు ఉంటారు. మన్యంలో మాత్రం సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల తీగల మధ్య ఎకరం రెండెకరాలు సాగు చేసే గిరిజన కుటుంబాలే ఎక్కువ. రసాయనాలు వాడని పంటగానే అరకు కాఫీ మార్కెట్‌లో నిలబడింది. కాబట్టి ఒక్క కాయ మిగలకుండా ఏరడం, ఎర బుడ్లు కట్టడం, పురుగును చంపే బవేరియా శిలీంధ్రాన్ని చల్లడం, గింజను బాగా ఎండబెట్టడం, ఇవే మిగిలిన దారులు. అన్నీ ఇంటిల్లిపాది చేతుల మీద పడే పనులే.

పురుగు బయటపడగానే అధికారులు ఆ తోటల్లో కాయలు దూయించి, వేడినీళ్లలో ఉడికించి, పాతిపెట్టించారు. ప్రభుత్వం పరిహారం ప్రకటించింది. శాస్త్రపరంగా అది సరైన పనే. కానీ రైతు వైపు నుంచి చూస్తే లెక్క వేరు. నవంబరులో పండాల్సిన కాయను ఆగస్టులో పచ్చిగా దూసేస్తే ఆ ఏటి రాబడి పోయినట్టే. అదీ ధరలు మంచిగా ఉన్న కాలంలో: 2025 ఫిబ్రవరిలో అంతర్జాతీయ మార్కెట్‌లో అరబికా పౌనుకు 4 డాలర్లు దాటింది. పురుగు ఉందని చెబితే పంట పోతుంది, చెప్పకపోతే ఈ సీజను గట్టెక్కుతుంది అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. ఆ ఒక్క ఆలోచన చాలు, పక్క ఊళ్లకు పురుగు పాకడానికి.

అందుకే పరిహారాన్ని దయగా కాక, తెగులు నివారణ ఖర్చుగా చూడాలి. దూసిన పచ్చికాయ బరువుకే కాదు, అది పండి ఉంటే వచ్చే ధరకు, రాలిన కాయలు ఏరే కూలికి కూడా లెక్క కట్టాలి. ఆ డబ్బు తర్వాతి కాపు వరకు ఆగకుండా చేతికందాలి. పురుగు వచ్చిన ఊరి కాఫీని గిరిజన సహకార సంస్థ గానీ, ప్రైవేటు కొనుగోలుదారులు గానీ మొత్తంగా తిరస్కరించకుండా, పరీక్షించి కొనాలి. పండ్లు, బస్తాలు ఒక ఊరి నుంచి మరో ఊరికి వెళ్లేటప్పుడు తనిఖీ ఉండాలి. యజమాని పట్టించుకోక వదిలేసిన తోటలను కూడా పంచాయతీ శుభ్రం చేయించాలి. పురుగుకు గట్టు తెలియదు మరి.

మన్యంలో పురుగును ముందుగా చూసేది రోజూ తోటలో తిరిగే రైతే. ఆ రైతు నోరు విప్పితే నష్టపోనని నమ్మినప్పుడే అరకు కాఫీకి రక్షణ.