మూడు భాషల పలక

కళాశాల సంచికలలో ఆంగ్లభాషాధ్యయనము గురించి వ్యాసాలు వెలువడడము కొత్త కాదు. ఆంగ్లము రానిదే ఉద్యోగము రాదని కొందరు, ఆంగ్లపు మోజులో మాతృభాషలు మరుగున పడుతున్నవని మరికొందరు వ్రాస్తూ ఉంటారు. రెండింటిలోను సత్యమున్నది. కాని విద్యార్థినీ విద్యార్థుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు మేము ఉంచదలచినది వేరొక ప్రశ్న. ఉద్యోగానికి దరఖాస్తు వ్రాయడానికి మనకు ఆంగ్లము నేర్పుతున్నారు. "నా మనసు బాగులేదు" అని చెప్పుకోవడానికి, "దీనికి నాకు సమ్మతి లేదు" అని మర్యాదగా తెలుపడానికి ఎవరైనా నేర్పుతున్నారా?

మాలో ఒక మిత్రునికి పరీక్షలకు ముందు నెల రోజులపాటు నిద్ర కరువైనది. దూరనగరములో ఉన్న బంధువులు అతనిని తెలుగు తెలియని ఒక వైద్యుని వద్దకు తీసుకొని పోయినారు. అతడు ధైర్యము చేసి "ఐ యామ్ ఫీలింగ్" అన్నాడు. "ఫీలింగ్ వాట్?" అని వైద్యుడు అడిగినాడు. మిత్రుని వద్ద జవాబు లేదు. మన వాడుకలో "ఫీలయ్యాడు" అంటే నొచ్చుకున్నాడని అర్థము. ఆంగ్లములో అది సగము వాక్యము మాత్రమే. ఏమి అనుభవిస్తున్నాడో చెప్పే రెండవ సగము అతనికి ఎవరూ నేర్పలేదు. ఆ రెండవ సగములోనే అతని బాధ అంతా ఉన్నది.

మనము ఆంగ్లపదాలు వాడడము లేదని కాదు. టెన్షన్, మూడ్, అప్‌సెట్, డిప్రెషన్ అనే మాటలు గిద్దలూరు బస్టాండులోను, మార్కాపురము హోటళ్ళలోను రోజూ వినిపిస్తూనే ఉంటవి. అయితే నోట నానిన మాటలన్నీ అర్థమైన మాటలు కావు. డిప్రెషన్ అనే ఒక్క పదాన్నే చూడండి. బంగాళాఖాతములో అది వాయుగుండము. అర్థశాస్త్రములో అది 1929లో మొదలై ప్రపంచాన్ని కుదిపిన మాంద్యము. వైద్యశాస్త్రములో అది కుంగుబాటు. మార్కులు తగ్గిన సాయంకాలము కలిగే చింతను వైద్యులు ఆ పేరుతో పిలువరు. కనీసము రెండు వారాలపాటు దాదాపు ప్రతి దినము మనసు క్రుంగి, ఇష్టమైన పనులపై కూడ ఆసక్తి నశించి, నిద్ర, ఆకలి, ఏకాగ్రత దెబ్బతిన్నప్పుడే ఆ మాట వాడుతారు. ఈ భేదము తెలియనివాడు చిన్న దిగులును రోగమనుకొని భయపడవచ్చును. నిజమైన రోగాన్ని చిన్న దిగులనుకొని ఉపేక్షింపవచ్చును. రెండవది మొదటిదానికంటె ప్రమాదకరము.

ఇక "మెంటల్" అనే మాట. ఆంగ్లములో అది "మనసుకు సంబంధించిన" అనే విశేషణము. మన తరగతి గదులలో అది తిట్టు. ఒకడు కాస్త మౌనముగా ఉంటే మెంటల్, వింతగా నవ్వితే మెంటల్. ఈ ఒక్క తిట్టు ఎందరి నోళ్ళు మూయించినదో లెక్క కట్టలేము. తన బాధకు ఈ లోకము పెట్టిన పేరు అదేనని తెలిసినవాడు ఆ బాధను బయటపెట్టడు. చట్టములు సైతము తమ భాషను దిద్దుకొన్నవి. 1912 నాటి శాసనము పేరులోనే "లూనసీ" అనే మాట ఉండేది. 1987 నాటి చట్టము దానిని తొలగించి మానసిక ఆరోగ్యమన్నది. 2017 నాటి చట్టము మరొక అడుగు ముందుకు వేసి మానసిక ఆరోగ్య సంరక్షణను హక్కుగా ప్రకటించినది. శాసనమే మాట మార్చుకొన్నప్పుడు చదువుకొన్న మనము మార్చుకొనలేమా?

మనసు సంగతి ఇట్లుండగా, నిర్ణయాల సంగతి మరొకటి. మన పశ్చిమ ప్రాంతము వానను నమ్ముకొన్న మెట్ట నేల. పంట పోయిన యేట చదువు కొనసాగించాలా, హైదరాబాదుకో బెంగుళూరుకో పనికి పోవాలా అనే ప్రశ్న పద్దెనిమిదేండ్ల పిల్లవాని ముందు నిలుస్తుంది. డిగ్రీ ముగియకముందే పెండ్లి మాట ఆడపిల్ల ముందు నిలుస్తుంది. అప్పు పత్రము, ఆసుపత్రి అంగీకారపత్రము, హాస్టలు ఫారము చాలాసార్లు ఆంగ్లములోనే వస్తవి. మనము "ఫిక్సయ్యాము", "అడ్జస్టయ్యాము" అంటాము. ఆ రెండు మాటలలో ఎవరు నిర్ణయించినారో, ఎవరు తలవంచినారో తెలియదు. కన్సెంట్ అంటే తెలిసి ఇచ్చిన సమ్మతి. కాంప్రమైజ్ అంటే ఇరువురు కొంత కొంత తగ్గి కుదుర్చుకొన్నది. ఉర్దూలో "రాజీ" అంటే సమ్మతించినవాడు; అదే మాట తెలుగులోనికి వచ్చి కాంప్రమైజ్ అయినది. ఒకే మాట ఒక యింట సమ్మతి, పొరుగింట సర్దుబాటు! ఇట్టి భేదాలు తెలిసినవాడే ఏ కాగితము మీద సంతకము చేస్తున్నాడో ఎరుగును.

మరొక చక్కని పోలిక చెప్పక తప్పదు. ఆంగ్లములోని "డిసైడ్"కు మూలమైన లాటిను మాటకు నరకివేయుట అని అర్థము. ఉర్దూలోని "ఫైసలా" వేరుచేయుట అనే అర్థముగల అరబ్బీ ధాతువు నుండి పుట్టినది. మనము కూడ తేలని వ్యవహారాన్ని "ఎటూ తెగడము లేదు" అంటాము. మూడు భాషలూ ఒకే అనుభవాన్ని చెప్పుచున్నవి: నిర్ణయమంటే ఒక దారిని విడిచిపెట్టడము. అందుకే అది కష్టము. ఆ కష్టము మన ఒక్కరిదే కాదని తెలియడము కూడ ఒక ఓదార్పు.

మాతృభాషలో దిగులు, బెంగ, గాబరా, బేజారు వంటి మాటలుండగా ఈ ఆంగ్లపదాలెందుకని కొందరు పెద్దలు అడుగవచ్చును. ఆ మాటలను విడువమని మేము అనడము లేదు. గాబరా ఉర్దూ "ఘబ్రాహట్"కు చుట్టము. బేజారు ఉర్దూ నుండి వచ్చి మన యింట స్థిరపడిన అతిథి. అయితే మందుచీటీ, చట్టము, పత్రము ఆంగ్లములో ఉన్నంతకాలము వాటిని చదువగలగడము రక్షణ. మందులు వ్రాయు సైకియాట్రిస్టు ఎవరో, మాటల ద్వారా చికిత్స చేయు సైకాలజిస్టు ఎవరో తెలియకపోతే ఏ తలుపు తట్టాలో తెలియదు.

అదే సమయములో 2017 నాటి చట్టము నాలుగవ విభాగము చెప్పినది గమనింపదగినది. మనిషికి తన చికిత్స గురించి నిర్ణయించుకొనే సామర్థ్యమున్నదా అని చూచేటప్పుడు, విషయాన్ని అతనికి అర్థమయ్యే సరళభాషలో చెప్పవలెనని దాని భావము. ఇతరులకు తప్పుగా తోచినంత మాత్రాన ఒకని నిర్ణయము అసమర్థతకు నిదర్శనము కాదని కూడ అది చెప్పుచున్నది. కాబట్టి ఆంగ్లము నేర్చుకొనడము మన బాధ్యత. "తెలుగులో చెప్పండి", "ఉర్దూలో చెప్పండి" అని అడుగడము మన హక్కు. ఈ రెండూ కలిసి నేర్వవలెను.

కమిటీ పెద్దలకు మా మనవులు మూడు. మొదటిది, ఆంగ్ల తరగతులలో వారమునకు ఒక గంట ఇట్టి పదాలకు, సంభాషణలకు కేటాయించవలెను. రెండవది, మార్కాపురము పలకలు ఎన్నో తరాల చేత అక్షరాలు దిద్దించినవి. అట్టి పెద్ద పలక నొకదానిని ద్వారమువద్ద నిలిపి, దినమునకు ఒక మాటను ఆంగ్లములో, దాని అర్థమును తెలుగు, ఉర్దూలలో విద్యార్థులచేతనే వ్రాయించవలెను. మూడవది, కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవ సంఖ్య 14416ను ఆ పలక అడుగున చెరపకుండ ఉంచవలెను. మనసు భారమైనవారు రాత్రియైనా పగలైనా, రుసుము లేకుండ, ఆ సంఖ్యకు ఫోను చేసి మాట్లాడవచ్చును.

విద్యార్థి మిత్రులకు మా మనవి ఒక్కటే. ఈ రోజు నుండి "మెంటల్" అనే తిట్టును మానుదాము. మౌనముగా ఉన్న మిత్రుని ప్రక్కన కూర్చొని, ఏ భాషలోనైనా సరే, "ఏమైనది?" అని అడుగుదాము. అతడు వాక్యములో రెండవ సగము పూర్తి చేసేవరకు ఓపికగా వినుదాము.