ఎవరి వ్యక్తిత్వమండీ ఆ గోడమీద?

ఎరుపు ఇష్టపడేవాళ్లు సాహసవంతులట. నీలం మెచ్చేవాళ్లు నెమ్మదస్తులట. పసుపుపచ్చ కోరేవాళ్లు చలాకీ మనుషులట. తెలుపు వేయించుకునేవాళ్లది నిర్మల హృదయమట! కనుక ఇంటికి రంగులు వేయించే ముందు మన వ్యక్తిత్వమేమిటో తేల్చుకుని, దానికి తగిన డబ్బా కొనుక్కోవాలట. ఈ ‘అట’లన్నీ వింటుంటే నాకు చిలక జోస్యమే గుర్తుకొస్తుంది. చిలకతో పోయేది చిల్లర డబ్బులే. ఇక్కడ డబ్బాల లెక్కన చెల్లించుకోవాలి.

రంగును బట్టి మనిషిని చదివేయొచ్చన్న సరదా ఈనాటిది కాదు. 1947లో స్విట్జర్లాండుకు చెందిన మాక్స్ లూషర్ రంగుల పరీక్ష ఒకటి తయారుచేశాడు. రంగు అట్టముక్కల్ని మనకిష్టమైన వరసలో ఏరుకుంటే, ఆ వరసను బట్టి మన స్వభావం చెప్పేస్తారన్నమాట. దాన్ని నమ్మినవాళ్లూ ఉన్నారు, తప్పుపట్టిన మనస్తత్వ శాస్త్రజ్ఞులూ ఉన్నారు.

ఆ మరుసటి ఏడే అమెరికాలో బెర్‌ట్రామ్ ఫోరర్ అనే ఆచార్యుడు ఒక తమాషా చేశాడు. 39 మంది విద్యార్థులకు పరీక్ష పెట్టి, ‘ఇదిగో నీ స్వభావం’ అంటూ తలా ఒక కాగితం ఇచ్చాడు. ఎంతవరకు సరిపోయిందో 5కి మార్కులు వెయ్యమంటే, సగటున 4.26 వేశారు పిల్లలు. తీరా చూస్తే అందరి చేతుల్లోనూ ఉన్నది ఒకే రాత! రంగుల జాతకాలూ ఆ బాపతువే. ‘మీరు ప్రశాంతత కోరుకుంటారు, కానీ సందర్భం వస్తే గట్టిగా నిలబడతారు’ అంటే కాదనే ఇల్లాలు ఎవరుంటారు చెప్పండి?

పోనీ, అదంతా నిజమే అనుకుందాం. అప్పుడైనా నా తగాదా తీరదు. ఇంట్లో అయిదుగురుంటే, గోడకెక్కేది ఎవరి వ్యక్తిత్వం?

జగిత్యాల దగ్గర మా వదినెవాళ్లు కొత్త ఇల్లు కట్టుకున్నారు. హాలు రంగు మా అన్న చెప్పాడు. పూజగది సంగతి వాస్తు పంతులు తేల్చాడు. బయటి గోడలకు ‘ఇప్పుడు గిదే నడుస్తాంది సార్’ అని మేస్త్రీ నిర్ణయించాడు. మేడమీద గది కొడుకు ఇష్టం.

“మరి వంటింటికి నువ్వేం రంగు చెప్పినవు వదినె?” అన్నాను.

“నన్నెవరడిగిండ్రు? మిగిలిన డబ్బా అండ్ల ఏసిండ్రు. వచ్చినోళ్లకు చాయ్ పెట్టుడే సరిపాయె నాకు” అంది నవ్వుతూ.

తెల్లారింది మొదలు రాత్రి గిన్నెలు సర్దేదాకా ఏ గోడల మధ్య ఆమె తిరుగుతుందో, ఆ గోడలకు దక్కింది అడుగూ బొడుగూ! ఆ నవ్వు నాకు నచ్చలేదు. అలాంటి నవ్వులు మన ఇళ్లల్లో చాలా ఉన్నాయి.

మన ఇళ్ల రంగు ఎప్పుడూ ఇలా మగవాళ్ల చేతిలోనే ఉందా అంటే, లేదు. మట్టి గోడల రోజుల్లో దసరాకు ముందో, పెళ్లికి ముందో ఇల్లు అలికేది ఆడవాళ్లే. పైన సున్నం, అడుగున ఎర్రని జాజు పట్టె, కడపకు పసుపు. సున్నంలో నీలిమందు ఎంత కలపాలో, జాజు ఎంత చిక్కగా ఉండాలో వాళ్ల చేతికి తెలుసు. ఆ కాలమే బంగారమని నేననను. అలికీ అలికీ నడుములు పడిపోయేవి. చాకిరీ తప్పింది, సంతోషం. అయితే చాకిరీతో పాటు మాట కూడా పోవాలా?

‘ఆడవాళ్లకేం తెలుసండీ రంగుల కలయిక?’ అనే పెద్దమనుషులు బతుకమ్మ రోజుల్లో ఒక్కసారి కళ్లు తెరిచి చూడాలి. తంగేడు పచ్చ, కట్లపూల నీలం, బంతి నారింజ, తెల్లగా ఉండే గునుగును కట్టలు కట్టి, కొసలకు అద్దిన గులాబీ, ఆకుపచ్చ రంగులు – వరసమీద వరస పేర్చేది ఎవరు? ఏ షేడ్ కార్డు చూసి పేరుస్తున్నారు?

నిర్మల్ నకాషీ కళాకారుణ్ణి చూడండి. పొణికి కర్రతో జామకాయ చేస్తే దానికి జామకాయ రంగే వేస్తాడు. తన వ్యక్తిత్వం ఊదారంగు గనక జామకాయకూ ఊదా పులమడు! వస్తువేమిటి, ఎందుకు, అన్నదే అతని లెక్క. గోడకూ అదే లెక్క ఉండాలి.

ఈ గదిలోకి వెలుతురు ఎటునుంచి వస్తుంది? నూనె మరక పడితే తుడిస్తే పోతుందా? ఎండ ఎంత? మే నెలలో రామగుండం, ఆదిలాబాద్ వైపు 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ముదురు రంగు ఎండను పీల్చుకుంటుంది, తెలుపు తిప్పికొడుతుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్ల కప్పులకు వేడిని తిప్పికొట్టే ఏర్పాటు తప్పనిసరి అంది. అంతకన్నా చిన్న ఇళ్లకు యజమాని ఇష్టం. డాబాకు తెల్లని సున్నం పూయించినా మేలే. పొయ్యి వేడికి తోడు కప్పు వేడి కూడా నెత్తిన మోసే మనిషికి ‘నీది సాహస స్వభావం, ముదురెరుపు వేయించుకో’ అని చెప్పడం ఎగతాళి కాదూ?

గోడ రంగు మన స్వభావం చెప్పదు. ఆ రంగు ఎవరు చెబితే వేశారన్నది మాత్రం మన కుటుంబం స్వభావాన్ని ఊరందరికీ చెబుతుంది. కాబట్టి అమ్మలారా, అక్కలారా! రంగులవాళ్లు ఇంటికొచ్చిన రోజున చాయ్ పని ఇంట్లో మరొకరికి అప్పజెప్పండి. కుర్చీ లాక్కుని కూర్చుని, కార్డు మీ చేతిలోకి తీసుకోండి. మొదటి డబ్బా వంటింటికి తీయించండి. మిగిలింది హాలుకు సరిపోతుందో లేదో వాళ్లు చూసుకుంటారు.