ఆసాన్ అయితే కమ్‌జోర్ అవుతుందా?

‘ముందు లినక్స్ నేర్చుకోండి, తర్వాత బ్యాకప్ మాట్లాడండి’ అనే ఉస్తాద్‌లతో నాకు పేచీ. 2019లో రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థలపైనే రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. నల్గొండ మదరసా, మహబూబ్‌నగర్ మస్జిద్ కమిటీ ఎంత? అక్కడ కంప్యూటర్ చూసేది డిగ్రీ చదివే ఒక్క నౌజవాన్. పాపం, ఆర్‌సింక్‌ను క్రాన్‌లో పెట్టి బేఫికర్‌గా ఉంటాడు. అసలు ఫైలు పాడైతే రాత్రికల్లా నకలూ పాడే!

వక్ఫ్ కాగజాత్ హిఫాజత్ అలా కాదు. రెస్టిక్ తాళం వేసి దాస్తుంది. దాని రెస్ట్ సర్వర్‌ను అపెండ్-ఓన్లీలో పెడితే కొత్తవి చేరతాయి, పాతవి ఆ కంప్యూటర్ నుంచి చెరగవు. కానీ యూజర్లు, సర్టిఫికెట్లు, టైమర్లు... పిల్లవాడికి ఇన్ని ఇమ్తిహాన్‌లెందుకు భాయ్? ఎక్కడ, ఎప్పుడు, పాస్‌వర్డ్ ఏమిటి అని మూడు సవాళ్లడిగి మిగతాది స్క్రిప్టే చేయాలి. ముష్కిల్ అని ఎవరూ వేయని తాళం కన్నా కమ్‌జోర్ ఏముంది? పాస్‌వర్డ్ మాత్రం కాగితం మీద రాసి సదర్ సాబ్ బీరువాలో పెట్టండి. అది పోతే రెస్టిక్ ఎవరికీ తెరుచుకోదు.